ఇసుక కింద ఏరు

పూతలపట్టు నియోజకవర్గంలోని కాణిపాకం వచ్చే భక్తులకు బాహుదా నది ఏడాదిలో ఎక్కువ రోజులు వట్టి ఇసుకగానే కనిపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కరుణిస్తే పారుతుంది, లేకుంటే లేదు. అయినా ఒడ్డున బతికినవాళ్ళు దాన్ని ఎండిపోయిన ఏరు అనరు. పైన ఆరినా అడుగున తడి ఉంటుంది.

ఆ తడిని పైకి తెచ్చేది చెలమ. ఇసుకను చేతులతో తోడి గుంట చేస్తారు. మొదట ఊరిన మడ్డినీళ్ళు చిప్పతో తీసి పారబోస్తే, ఆ తర్వాత వచ్చేది తేటనీరు. ఇసుకే వడపోత, ఎండ తగలదు కాబట్టి నీరు తొందరగా ఆవిరైపోదు. రాయలసీమ రైతులు ఇదే ఉపాయాన్ని పెద్దది చేశారు. ఏటిలో కాలువ తవ్వి, ఊటను వాలు వెంబడి మడికి మళ్ళించారు. అదే ఊటకాలువ. ఒడ్డు బావులకూ ఆ ఊటే ఆధారం. ఆ బావుల నీళ్ళు తోడే ఏతం, కపిల పోయి మోటార్లు వచ్చాయి.

పశ్చిమాఫ్రికాలో 4,180 కిలోమీటర్లు పారే నైజర్ నది కథ వేరు. మాలిలో బోజోలు దాని మీద పడవలేసి చేపలు పడతారు. ఎడారి ఉప్పు పలకలు మోప్తీ రేవుకు నీటిమీదే చేరుతాయి. ఒడ్డునే స్నానాలు, బట్టలుతకడం. అయితే ఒక్క అవసరం మాత్రం రెండు చోట్లా ఒకటే: కట్టడాలకు ఇసుక. బమాకో దగ్గర కూలీలు నదిలో మునిగి, అడుగు నుంచి బకెట్లతో ఇసుక తెచ్చి పడవలకెత్తుతారు.

నైజర్‌లో ఇసుక తీసినా పైన నీళ్ళుంటాయి. మన ఏళ్ళలో ఇసుకే నీళ్ళతొట్టి. అది పలచబడితే చెలమలో ఊట తగ్గుతుంది, పక్క బావి అడుగంటుతుంది. అందుకే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోర్లతో పాటు ఇసుక తవ్వకానికీ హద్దులు పెట్టింది.

కాణిపాకం స్థలపురాణం మొదలయ్యేదీ నీళ్ళు అడుగంటిన బావి దగ్గరే. ముగ్గురు అన్నదమ్ములు, ఒకరికి మాట, ఒకరికి వినికిడి, ఒకరికి చూపు లేవు. ఏతంతో కాణి పొలం తడుపుకునేవారు. ఊట చాలక బావిని లోతు చేస్తుంటే పార రాతికి తగిలి నెత్తురు చిమ్మిందట. ఆ రాయే వరసిద్ధి వినాయకుడు. 11వ శతాబ్దంలో కులోత్తుంగ చోళుడు అక్కడ గుడి కట్టించాడని చెబుతారు.

స్వామి ఇప్పటికీ బావిలోనే ఉన్నాడు. చుట్టూ ఊరే నీటినే భక్తుల చేతిలో తీర్థంగా పోస్తారు.