భర్త చేసిన ఇంటి అప్పు: సంతకము చేయని భార్య బాధ్యత

గోదావరి డెల్టా గ్రామములలో తాటాకు ఇండ్లు, పెంకుటిండ్లు తొలగి డాబాలు లేచుచున్నవి. వీనిలో బ్యాంకు అప్పుతో కట్టినవి అనేకము. అప్పు తీసికొన్నవాడు మరణించినను, ఊరు విడిచిపోయినను ఋణదాత మొదట అడుగునది భార్యనే. ఆ తగవు పంచాయితీ సభ్యుల యెదుటికి వచ్చును. “మగడు చేసిన అప్పు ఆలు తీర్చవలదా?” అని పెద్దలే అనుట కలదు. చట్టము అట్లు చెప్పుట లేదు.

మూలసూత్రము

1872 నాటి ఒప్పందముల చట్టము ననుసరించి ఒప్పందము దానిని చేసికొన్నవారినే బంధించును. గోవాలో పోర్చుగీసువారి నాటి సివిల్ కోడు ప్రకారము దంపతుల ఆస్తి సాధారణముగా ఉమ్మడి యగును. మన రాష్ట్రమున అట్టి పద్ధతి లేదు. వివాహమైనంత మాత్రమున భార్య భర్త ఋణమునకు బాధ్యురాలు కాదు. భర్తయు భార్య గృహఋణమునకు బాధ్యుడు కాడు.

అయితే ఆమె సహఋణగ్రహీతగా గాని, హామీదారుగా గాని సంతకము చేసినచో, వేలిముద్ర వేసినచో సంగతి వేరు. వేరు షరతు లేనిచో హామీదారు బాధ్యత ఋణగ్రహీత బాధ్యతతో సమానమని ఆ చట్టము 128వ సెక్షను చెప్పుచున్నది. కావున మొదట చూడవలసినది ఋణపత్రము.

ఇల్లు ఎవరిది?

వ్యక్తిగత బాధ్యత వేరు, ఇంటిపై నున్న భారము వేరు. ఇల్లు భర్తదై, ఆయన దానిని తనఖా పెట్టినచో, భార్య సంతకము లేకున్నను బ్యాంకు ఆ ఇంటిని వేలము వేయించవచ్చును. 2002 నాటి చట్టము క్రింద దీనికి ముందు 60 దినముల నోటీసు ఇయ్యవలెను. బ్యాంకు స్వాధీనమునకు చర్య తీసికొన్నచో 45 దినములలో ఋణవసూలు ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును.

స్థలము భార్యదైనచో భర్త యొక్కడే పెట్టిన తనఖా సాధారణముగా ఆమె హక్కును బంధింపదు. పసుపు కుంకుమల క్రింద పుట్టింటివారు ఇచ్చిన స్థలము 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షను ప్రకారము ఆమె సంపూర్ణ ఆస్తి. 2020 డిసెంబరు 25న నాటి తూర్పు గోదావరి జిల్లా కొమరగిరిలో ప్రారంభమైన ఇండ్ల స్థలముల పంపిణీలో పట్టాలు స్త్రీల పేరిటనే ఇయ్యబడినవి. పంచాయితీ రిజిష్టరులో ఇంటిపన్ను భర్త పేరిట నున్నంత మాత్రమున యాజమాన్యము మారదు.

భర్త మరణించినచో

వారసులు తమకు సంక్రమించిన మృతుని ఆస్తి మేరకే బాధ్యులని 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు తెలుపుచున్నది. ఉదాహరణకు 6 లక్షల అప్పు నిలిచియుండగా, ఇల్లు 4 లక్షలకు అమ్ముడుపోయిన దనుకొందము. మృతునికి వేరు ఆస్తి లేనిచో, మిగిలిన 2 లక్షలను సంతకము చేయని భార్య తన కూలినుండి గాని, నగలనుండి గాని తీర్చనక్కరలేదు. మృతుడు 50 వేల రూపాయలు విడిచియున్నచో ఆ మొత్తము వరకు ఋణదాత అడుగవచ్చును.

ఇచ్చటనే గొప్ప ప్రమాదము కలదు. “తగవు తీరిపోవును” అని పెద్దల సమక్షమున ఆమెచే క్రొత్త ప్రామిసరీ నోటు వ్రాయించుట కలదు. ఆ సంతకముతో, అంతవరకు లేని వ్యక్తిగత బాధ్యత ఆమె తలపై పడును. మేలు చేయదలచిన మధ్యవర్తులే ఆమె స్వంత స్థలమునకు చేటు తెచ్చినవారగుదురు.

సభ్యులు చేయదగినవి

ఋణపత్రము నకలు తెప్పించి ఎవరు ఏ హోదాలో సంతకము చేసిరో చూడవలెను. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీయింపవలెను. దస్తావేజులు ఉంచుకొని ఇచ్చిన అప్పు కొన్ని యెడల అందు కనబడదు; కావున మూలదస్తావేజు ఎవరియొద్ద నున్నదో విచారింపవలెను. అప్పునకు బీమా యున్నదేమో బ్యాంకును అడుగవలెను. ఉన్నచో ఆ సొమ్ముతోనే ఋణము తీరవచ్చును. ఖాళీ కాగితముపై ఎవరిచేతను సంతకము చేయింపరాదు.

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీలకు ఉచిత న్యాయసహాయము లభించును. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. రాజమహేంద్రవరము, ఏలూరులలో జిల్లా న్యాయసేవాధికార సంస్థలు కలవు. నోటీసు అందిన దినముననే ఆమెను అచ్చటికి పంపుట మంచిది. గడువు దాటిన పిమ్మట చేయు సహాయము కొఱగాదు.