వరద నెలల కూర: కోనసీమ పెరటి తోటకు ఒక ప్రణాళిక

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఒండ్రు నేల, 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట నుండి పారే కాల్వనీరు, ప్రతి ఇంటి వెనుక కొబ్బరి చెట్లు ఉన్న కోనసీమలో కూరగాయలకు కొరత ఉంటుందని ఎవరూ అనుకోరు. అయితే ఒక కుటుంబం పెరటి నుండి కోసుకొనే కూరను నెలవారీగా వ్రాసి చూస్తే చిత్రం మారుతుంది. డిసెంబరు నుండి మే వరకు వంగ, బెండ, టమాట, చిక్కుడు, ఆనప, దోస ఇంటికి మించి పండి ఇరుగుపొరుగుకు పంచిపెట్టవలసి వస్తుంది. జూలైలో గోదావరికి వరదనీరు తగిలినది మొదలు నవంబరులో తుపాను గండం గడిచే వరకు అదే పెరడు నీరు నిలిచి, మొక్కలు వేరుకుళ్ళు పట్టి, చాలా తక్కువ ఇస్తుంది. సరిగ్గా ఆ నెలలలోనే బయటి నుండి వచ్చే కూరగాయల ధరలు పెరుగుతాయి. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పి.గన్నవరం, మామిడికుదురు, అయినవిల్లి మండలాల లంక గ్రామాలకు పడవే దారి అయినది. అటువంటి దినాలలో ఇంట ఉన్నదే కూర.

కాబట్టి కోనసీమలో పెరటి తోట ప్రణాళికను విత్తనంతో కాక వరద నెలలతో ప్రారంభించవలసి ఉంటుంది. ఆ నాలుగు నెలలకు ఏమి కావాలో ముందు తేల్చుకొని, దానికోసం మిగిలిన ఎనిమిది నెలలలో ఏది ఎంత వేయాలో, ఎంత నిలవ చేయాలో వెనుకకు లెక్కించుకోవాలి. మన శిక్షణలలో సాగు ఒక పాఠంగా, నిలవ మరొక పాఠంగా, తరచు వేరువేరు విభాగాల వారు చెప్పుతున్నారు. ఇంటి ఇల్లాలికి మాత్రం అవి రెండూ ఒకే పని.

లెక్క ఇలా సాగుతుంది. జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు అవసరం. నలుగురికి 1.6 కిలోలు, 120 రోజులకు 192 కిలోలు. ఇదంతా ఎండబెట్టి దాచుదామంటే సాధ్యపడదు. పది కిలోల పచ్చి కూరగాయలు ఎండితే చేతికి వచ్చేది కిలో మాత్రమే. ఎండిన కూరలో సి విటమిను చాలావరకు నశిస్తుంది. అందువలన వర్షంలోనూ నిలిచి కాచే మొక్కలు మొదటి ఆధారం, కోసిన తరువాత ఎండబెట్టకుండానే నెలల తరబడి నిలిచే కాయలు రెండవ ఆధారం కావాలి. ఒరుగులు, వడియాలు, పచ్చళ్ళు ఆ రెంటి వెనుక నిలువవలసినవి.

వర్షంలో నిలిచే వాటిలో దొండకు మొదటి స్థానం ఇవ్వవచ్చు. ఒకసారి నాటిన తీగ కొన్ని సంవత్సరాలు బ్రతుకుతుంది, చలికాలంలో కాపు తగ్గినా వానకాలంలో బాగా కాస్తుంది. దాని ప్రక్కనే తీగబచ్చలి ఎక్కించవచ్చు. పందిరి పాదును మాత్రం చుట్టూ ఉన్న నేలకంటె అడుగున్నర ఎత్తున మట్టి, పశువుల ఎరువు, చివికిన కొబ్బరి పొట్టు కలిపి దిబ్బగా పోయాలి. పందిరికి కర్ర, కమ్మ పెరటిలోనే దొరుకుతాయి. చేమకు తడి నేల ఇబ్బంది కాదు, ఆకు, దుంప రెండూ పనికివస్తాయి. నీరు తీసే చోట పొన్నగంటి దానంతట అదే అల్లుకొంటుంది. అరటిలో కాయ, పువ్వు, దూట మూడూ కూరలే. మునగకు నీరు నిలవడం అసలు సరిపడదు గనుక దానిని పెరటి గట్టు మీదనే నాటాలి. ఈ చెట్టును పల్లపు మూలలో నాటి, వానకాలంలో చనిపోయినదని చెప్పేవారు తరచు కనిపిస్తారు.

కంద విషయం కొంత వివరించాలి. కొవ్వూరు పరిశోధనా స్థానం నుండి వచ్చిన గజేంద్ర రకం దురద తక్కువ కావడం వలన దేశమంతటా వ్యాపించినది. మే, జూన్ నెలలలో నాటిన కంద సంక్రాంతి తరువాత త్రవ్వకానికి వస్తుంది. అది వరద నెలల కూర కాదు. ఇంటి వాడకానికి నాలుగు పాదులు ఏప్రిల్‌లోనే నాటి బావినీటితో తడిపితే అక్టోబరు చివర చిన్న దుంపలు త్రవ్వుకోవచ్చు. అప్పటికి పందిరి మీద బచ్చలి ఉంటుంది, కంద బచ్చలి కూరకు లోటు రాదు. నీరు నిలిస్తే కంద కుళ్ళుతుంది గనుక బోదెలు ఎత్తుగా ఉండాలి.

నీడ మరొక సమస్య. పాఠ్యపుస్తకాలు అయిదుగురి కుటుంబానికి సుమారు 5 సెంట్ల చదును స్థలం చూపి దీర్ఘచతురస్రపు మడులు గీస్తాయి. కోనసీమ పెరటిలో అటువంటి ఎండ పడే 5 సెంట్లు అరుదు. కొబ్బరి చెట్టు వయస్సు సుమారు 8 నుండి 25 సంవత్సరాల మధ్య ఉన్నంతకాలం క్రింద నీడ చిక్కగా ఉంటుంది. తరువాత చెట్టు ఎత్తు పెరిగి ఎండ లోనికి దిగుతుంది. చిక్కని నీడలో టమాట, వంగ వేసి కాపు రాలేదని విత్తనాన్ని నిందించడం న్యాయం కాదు. ఆ భాగాన్ని కంద, చేమ, అల్లం, పసుపులకు వదలి, ఆరు గంటల ఎండ తగిలే ముంగిట, గోడవార, డాబా మీద కాయకూరలకు చోటు చూడాలి. చెట్టు మొదలు చుట్టూ రెండు మీటర్ల మేర కొబ్బరి వేరు చురుకుగా ఉంటుంది, అక్కడ త్రవ్వకపోవడం మేలు.

రెండవ ఆధారం గుమ్మడి జాతి. డిసెంబరు, జనవరి నెలలలో పెట్టిన గుమ్మడి ఏప్రిల్, మే నాటికి ముదురుతుంది. తొడిమ ఉంచి, కాయకు దెబ్బ తగలకుండా కోసి, గాలి ఆడే చోట కాయకు కాయ తగలకుండా పేర్చితే మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. పైన బూడిద పట్టిన బూడిద గుమ్మడి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. కాయను ఉట్టిలో వ్రేలాడదీసే పాత అలవాటులో శాస్త్రం ఉన్నది: నేల తేమ తగలదు, చుట్టూ గాలి ఆడుతుంది, ఎలుక చేరదు. వరద వచ్చే ఇంటిలో అది నీటికి అందదు కూడా. పది బూడిద గుమ్మడికాయలు సులువుగా 40 కిలోల కూర.

ఇక ఎండబెట్టడం ఫిబ్రవరి నుండి మే వరకు జరగవలసిన పని. వంగ, కాకర, బెండ, చిక్కుడు ముక్కలను ఒకే మందాన కోసి, మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీటిలో వేసి తీయాలి. దీనివలన రంగు, రుచి చెడగొట్టే ఎంజైములు పనిచేయడం మానుతాయి. ముక్క వంచితే విరగాలి. వంగితే తేమ మిగిలినట్లే. ఆకుకూరలను, ముఖ్యంగా మునగాకును, నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో బీటా కెరోటిన్ నశిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 సంవత్సరాల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. మునగాకు పొడిని పప్పులో కలిపి, దించిన తరువాత నిమ్మరసం పిండితే అందులోని ఇనుము శరీరానికి మెరుగుగా పడుతుంది. చల్ల మిరపకాయలలో ఉప్పు, పుల్లని మజ్జిగ, ఎండ మూడూ కలిసి సూక్ష్మజీవులను అడ్డుకొంటాయి. ఒకదాని లోపాన్ని మరొకటి పూరించే ఇటువంటి పద్ధతులు తేమ ప్రాంతానికి బాగా తగినవి.

మేలో కరకరలాడిన ఒరుగు ఆగస్టు గాలిలో తిరిగి మెత్తబడడం ఇక్కడ సర్వసాధారణం. పెద్ద డబ్బా రోజూ తెరచే బదులు, వారానికి సరిపడే చిన్న సీసాలలో నింపి మూత బిగించడం ఉత్తమం. బూజు కనిపిస్తే ఆ సీసా మొత్తం పారవేయవలసినదే. బూజు విడుదల చేసే అఫ్లాటాక్సిన్ వేపుడు వేడికి పూర్తిగా నశించదు. అంతర్జాలంలో చూచి బీన్స్, క్యారట్ ముక్కలను ఉప్పునీటిలో సీసాలకు పోసి మామూలు గిన్నెలో ఉడికించి నిలవ చేసే ప్రయత్నాలను మన సిబ్బంది గట్టిగా వారించాలి. ఉదజని సూచిక 4.6 కంటె ఎక్కువగా ఉన్న పదార్థంలో, గాలి చొరని సీసాలో బొట్యులినం బాక్టీరియా విషం పుట్టవచ్చు. దాని బీజాలను చంపడానికి పీడనంతో కూడిన 121 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. చింతపండు, నిమ్మరసం, ఉప్పు దండిగా పడిన మన పచ్చళ్ళకు ఆ భయం లేదు; పులుపు, ఉప్పు తగ్గించి నూనె పోసినంత మాత్రాన రక్షణ ఉన్నదనుకోరాదు.

గ్రామాలలో పనిచేసే విద్యార్థులు ఒక ఇంటిని ఎంచుకొని పన్నెండు నెలల కూర పట్టిక వ్రాస్తే ఈ ఖాళీ వారికే కనబడుతుంది. విత్తనాల పొట్లం ఇచ్చి ఛాయాచిత్రం తీసుకొని రావడం కంటె అది ఉపయోగకరం. పట్టికలో ఒక గడి నవంబరు విత్తనానికి కేటాయించాలి. నీరు తీసిన వెంటనే చల్లిన తోటకూర నెల రోజులలో కోతకు వస్తుంది. చిక్కుడు విత్తనాన్ని జూలైలో మొత్తం పెట్టక సగం బూడిదలో కలిపి అటక మీద దాచాలి. నాటు చిక్కుడు పగటి నిడివి తగ్గినప్పుడే పూస్తుంది గనుక అక్టోబరులో ఆలస్యంగా పెట్టినా తీగ పొట్టిగా ఉండగానే పూతకు వస్తుంది. అప్పుడు పాదుల మధ్య దూరం సగానికి తగ్గించి పెట్టుకొంటే సరిపోతుంది.