ఆమ్లముల బలమనగా నేమి?

"బలమైన ఆమ్లము", "బలహీనమైన ఆమ్లము" అను మాటలను రసాయనశాస్త్రము చదువు పిల్లలందరును కంఠస్థము చేయుదురు. అయినను బలమనగా నేమని యడిగినచో, కాల్చునది బలమైనదనియు, పుల్లగా మాత్రమే యుండునది బలహీనమైనదనియు బదులు చెప్పువారే యెక్కువ. ఈ యర్థము సరికాదు. అంతియే కాదు, ఇది ఇంటిలో కీడును గూడ కలిగింపగలదు. కావున మన యిండ్లలోని వస్తువులనే తీసికొని యీ విషయమును విశదపరుప నెంచితిమి.

ఆమ్లము నీటిలో కలిసినప్పుడు దాని యణువులు విడిపోయి ఉదజని అయానుల నిచ్చునని స్వీడను దేశీయుడగు అర్హీనియసు 1884లో తన సిద్ధాంత వ్యాసమున ప్రతిపాదించెను. ఇందులకై యాయనకు 1903లో నోబెలు బహుమానము లభించినది. ఉదజహరికామ్లము పలుచని ద్రావణములో దాదాపు పూర్తిగా విడిపోవును. కనుక నది బలమైనది. వినిగరులోని ఎసిటిక్ ఆమ్లమో, లీటరునకు పదవవంతు మోలు చొప్పున నున్న ద్రావణములో వేయి యణువులకు సుమారు 13 మాత్రమే విడిపోవును. కనుక నది బలహీనమైనది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము ఈ రెంటికిని నడుమ నున్నది.

మిగిలిన యణువులు ఊరకున్నవని తలపరాదు. వారపు సంతను చూడుడు. లోనికి పోవువారును వెలుపలికి వచ్చువారును సమసంఖ్యలో నున్నంతసేపు సంతలోని జనసంఖ్య మారదు. కాని మనుష్యులు మారుచునే యుందురు. అట్లే కొన్ని యణువులు విడిపోవుచుండగా, విడిపోయిన మరికొన్ని తిరిగి కలియుచుండును. ఈ రెండు పనుల వేగములు సమానమైనప్పుడు దానిని సమతాస్థితి యందురు. ఏ యామ్లమునకు సమతాస్థితి ఎచ్చట నేర్పడునో తెలుపు సంఖ్యయే దాని వియోగ స్థిరాంకము. ఎసిటిక్ ఆమ్లమునకు 25 డిగ్రీల వేడిమిలో నది 0.000018. ఆమ్లమును పలుచన చేసినను, చిక్కన చేసినను ఈ సంఖ్య మారదు. కావున బలము వేరు, చిక్కదనము వేరు.

ఇక శ్రీకాకుళము జిల్లాలోని బుడితి గ్రామమున చేయు ఇత్తడి పాత్రలను తలచుకొనుడు. నల్లబడిన ఇత్తడి చెంబును చింతపండుతో తోమినచో తళతళలాడును. బలహీనమైన ఆమ్లమునకు ఇంత పని యెట్లు సాధ్యమైనది? పాత్రమీది చిలుము ఉదజని అయానులను తీసికొనగానే సమతాస్థితి చెదరును. ఆ లోటును పూరించుటకు మరికొన్ని యణువులు విడిపోవును. చిలుము వానిని గూడ తీసికొనును. ఇట్లు విడిపోని యణువులన్నియు నిలువ ధాన్యమువలె క్రమముగా నుపయోగమునకు వచ్చును. ఈ కారణముచేతనే కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచి నిలువ యుంచరాదు. రాగి లవణములు పులుసులో దిగి, తినువారికి వాంతులు, కడుపునొప్పి కలిగించును.

విద్యార్థులు ప్రయోగశాలలో దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. ఒకే గాఢత గల ఉదజహరిక, ఎసిటిక్ ఆమ్లములను సమాన పరిమాణములలో తీసికొని, కాస్టిక్ సోడా ద్రావణముతో తటస్థపరుపుడు. రెంటికిని అంతే సోడా ఖర్చగును. బలహీనమైనది తక్కువ సోడాతో సరిపెట్టుకొనదు!

క్షారముల సంగతియు నిట్టిదే. అమ్మోనియా నీటిలో కొద్దిగా మాత్రమే అయానుల నిచ్చును గనుక బలహీన క్షారము. సున్నము నీటిలో కరుగునది తక్కువ. లీటరునకు ఇంచుమించు 1.7 గ్రాములు మాత్రమే. కాని కరిగినంత భాగము దాదాపు పూర్తిగా విడిపోవును గనుక బలమైన క్షారము. కరిగిన భాగము ఖర్చగుకొలది, కరగక మిగిలిన నలుసులనుండి మరికొంత కరుగుచుండును. పండుగలకు గోడలకు వెల్ల వేయునప్పుడు సున్నము కంటిలో పడినచో, నలుసు లోపలనున్నంతసేపు అది కాల్చుచునే యుండును. కావున తల్లిదండ్రులు తక్షణమే రెప్పలు విప్పి, ధారాళముగా మంచినీటితో చాలసేపు కడిగి, వైద్యునియొద్దకు కొనిపోవలెను. క్షారమును విరుచుటకని నిమ్మరసము గాని పులుసు గాని ఎన్నడును పోయరాదు.

బలమునకును అపాయమునకును సంబంధము లేని సందర్భములును కలవు. పలాస ప్రాంతపు పచ్చి జీడిపిక్కల పెంకులోని నూనెలో ప్రధానముగా నుండు అనకార్డిక్ ఆమ్లము బలహీనమైనదే. అయినను ఆ నూనె తగిలిన చర్మము పొక్కును. ఇది ఉదజని అయానుల పని కాదు. ఆ నూనెలోని పదార్థములు చర్మముతో వేరొక విధముగా వ్యవహరించుటయే కారణము.

కావున పిల్లలారా, సీసామీద బలహీనమని వ్రాసియున్నంత మాత్రమున నిర్లక్ష్యము వలదు. అది యెంత బలము గలది, యెంత చిక్కనిది, యెంత మొత్తమున్నది, దేనిని తాకుచున్నది అను నాలుగు ప్రశ్నలను వేసికొనిన పిమ్మటనే మూత తీయుడు.