సేవకై పాలన: పియేర్ రిక్మాన్స్

పాలించుట సేవ కొరకేయను అర్థము వచ్చు పేరుతో 1931లో ఒక బెల్జియన్ అధికారి పుస్తకము ప్రకటించెను. ఆయన పియేర్ రిక్మాన్స్. ఆ మాట ఆయన ఉద్యోగజీవితమున ఎంతవరకు నిలిచెనో చూతము.

1891లో ఆంట్వెర్ప్ నగరమున జన్మించి, న్యాయశాస్త్రము చదివి, మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడుగా ఆఫ్రికా చేరెను. పిమ్మట ఉరుండిలో, అనగా నేటి బురుండిలో, రెసిడెంటుగా పనిచేసెను. 1934లో బెల్జియన్ కాంగోకు గవర్నర్ జనరల్ అయ్యెను.

1940 మే 28న బెల్జియం సైన్యము జర్మనీకి లొంగిపోయెను. రిక్మాన్స్ మాత్రము కాంగోను మిత్రరాజ్యముల పక్షముననే నిలిపెను. అచ్చటి రాగి, తగరము, రబ్బరు, షింకొలోబ్వే గనిలోని యురేనియము యుద్ధావసరములకు తరలిపోయెను.

ఆ భారము మోసినవారు కాంగో ప్రజలు. పల్లెవాసులు నిర్బంధముగా చేయవలసిన పని ఏడాదికి 60 దినముల నుండి 1942లో 120 దినములకు పెరిగెను. అంతకుముందే, 1941 డిసెంబరులో, ఎలిజబెత్‌విల్‌లో కూలి పెంపు కోరి సమ్మె కట్టిన గనికార్మికులపై సైనికులు కాల్పులు జరిపిరి.

1946లో పదవి విడుచు వేళ, వలసపాలన దినములు గడచిపోయినవని రిక్మాన్స్ స్వయముగా ప్రకటించెను. 1959లో ఆయన మరణించెను. మరుసటి యేడు జూన్ 30న కాంగో స్వతంత్రమయ్యెను. పాలకుని సదుద్దేశము పాలితుల సమ్మతికి బదులు కాజాలదని ఈ చరిత్ర మనకు తెలుపుచున్నది.