పదకొండు నెలల అద్దె ఒప్పందం

పదకొండు నెలల అద్దె ఒప్పందం అనగా ఇంటిపై మరో అంతస్తు వేసి వాటాను అద్దెకిచ్చే చిన్న యజమానులు కిరాయిదారుతో సాధారణంగా వ్రాసుకొనే పత్రం. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షను ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి వ్రాసుకోవడం దేశంలో ఆనవాయితీ అయింది.

అయితే ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1999లో ఈ సెక్షనును సవరించి, కాలపరిమితితో నిమిత్తం లేకుండా స్థిరాస్తి లీజులన్నిటినీ రిజిస్ట్రేషను పరిధిలోకి తెచ్చారు. కొత్తగా ఇల్లు అద్దెకిచ్చేవారిలో చాలామంది ఈ సంగతి ఎరుగరు. స్టాంపు కాగితంపై సంతకాలుంటే చాలనుకుంటారు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషనుకు సాటి రాదు. వివాదం వచ్చినపుడు రిజిస్టరు కాని పత్రంలోని షరతులను 49వ సెక్షను ప్రకారం కోర్టు సాక్ష్యంగా స్వీకరించదు. కిరాయిదారు ఏ హోదాలో ఇంట్లో ఉంటున్నాడన్న వంటి అనుషంగిక విషయాలకే అది పనికివస్తుంది. ఏటా అద్దె పెంపు, అడ్వాన్సులో కోత వంటి షరతులు, అంటే యజమాని అసలు నమ్ముకున్నవే, నిలవకపోవచ్చు.

అటువంటపుడు నివాస గృహాన్ని సాధారణంగా నెలవారీ అద్దెగా పరిగణిస్తారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం దానిని రద్దు చేయడానికి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. గడువు తీరిందని తాళం మార్చడం, కరెంటు తీయించడం చెల్లవు. కిరాయిదారు ఖాళీ చేయకపోతే కోర్టుకే వెళ్ళాలి. అద్దె నియంత్రణ చట్టం వర్తించే భవనాలకు చట్టంలో పేర్కొన్న కారణం కూడా చూపాలి.