కోచింగ్‌కు ముందు.. ఐదో తరగతి పుస్తకం!

క్యాంపస్ ఆప్టిట్యూడ్ రౌండ్ కావచ్చు, బ్యాంకు ప్రిలిమ్స్ కావచ్చు.. చాలామంది ఆగిపోతున్నది పెద్ద లెక్కల దగ్గర కాదు. చిన్నప్పుడు బట్టీ పట్టి దాటేసిన చిన్న విషయాల దగ్గర. అవేమిటో, నెల రోజుల్లో వాటిని ఎలా సరిచేసుకోవచ్చో చూద్దాం.

ఫోన్ పక్కన పెట్టండి. పెన్ను, కాగితం కూడా వద్దు. ఈ నాలుగు ప్రశ్నలకు రెండు నిమిషాల్లో సమాధానాలు చెప్పండి.

1. ఒక స్టాపు నుంచి ఒక రూటు బస్సు 12 నిమిషాలకోసారి, మరో రూటు బస్సు 18 నిమిషాలకోసారి వెళ్తాయి. ఉదయం 6 గంటలకు రెండూ కలిసి బయల్దేరాయి. మళ్లీ ఎప్పుడు కలిసి బయల్దేరతాయి?

2. ఒక చతురస్రం భుజం రెట్టింపయితే వైశాల్యం ఎన్ని రెట్లవుతుంది?

3. మీరు ఉత్తరానికి 4 కి.మీ. నడిచి, కుడివైపు తిరిగి 3 కి.మీ., మళ్లీ కుడివైపు తిరిగి 4 కి.మీ. నడిచారు. బయల్దేరిన చోటికి ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నారు?

4. 0.7, 3/4, 0.65.. వీటిలో పెద్దది ఏది?

జవాబులు: 6 గంటల 36 నిమిషాలకు. నాలుగు రెట్లు. తూర్పున 3 కి.మీ. దూరంలో. 3/4. నాలుగూ వచ్చాయా? సంతోషం. ఒకటో రెండో తప్పాయా? సిగ్గుపడకండి, ఈ వ్యాసం మీకోసమే.

ఇలాంటి ప్రశ్నలు ప్లేస్‌మెంట్ పరీక్షల్లో, పోటీ పరీక్షల్లో మామూలే. కానీ వీటి మూలం బీటెక్‌లో లేదు, ఇంటర్‌లోనూ లేదు. గుణిజాలు, వైశాల్యం-చుట్టుకొలత, మ్యాపులో దిక్కులు, పదో వంతులు-నూరో వంతులు.. ఈ నాలుగూ ఎన్‌సీఈఆర్‌టీ ఐదో తరగతి గణితం 'మ్యాథ్ మ్యాజిక్' పుస్తకంలోని పాఠాలే.

సున్నా పెడితే ఎందుకు మారదు?

నేను ఫైనలియర్‌లో ఉండగా మొదటి క్యాంపస్ డ్రైవ్‌లో ఆప్టిట్యూడ్ రౌండ్‌లోనే బయటికొచ్చేశాను. 'షార్ట్‌కట్లు సరిగ్గా ప్రాక్టీస్ చేయలేదు, అంతే' అనుకున్నా. ఆ సెలవుల్లో ఐదో తరగతి చదువుతున్న మా అక్క కూతురు హోంవర్క్ పట్టుకుని వచ్చింది. 'మామయ్యా, 25 పెద్దది కదా, మరి 0.5 కంటే 0.25 చిన్నది ఎలా అయింది?' అని అడిగింది. 'ఐదు పక్కన సున్నా పెట్టి 0.50 అనుకో. ఇప్పుడు 50, 25 పోల్చు' అని దర్జాగా చెప్పాను.

'5 పక్కన సున్నా పెడితే 50 అయిపోతుంది. 0.5 పక్కన పెడితే ఎందుకు మారదు?'

నా దగ్గర సమాధానం లేదు. 'రూల్ అంతే' అన్నాను. అప్పటికి నేను మూడేళ్లుగా ఇంజినీరింగ్ మ్యాథ్స్ పాసవుతూ వస్తున్నవాణ్ని!

తర్వాత ఆ పిల్ల స్కేలు తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఒక సెంటీమీటరులో పది గీతలు. 0.5 అంటే ఒకటిని పది సమాన భాగాలు చేసి ఐదు తీసుకోవడం. 0.50 అంటే నూరు భాగాలు చేసి యాభై తీసుకోవడం. ముక్కలు చిన్నవయ్యాయి, తీసుకున్న ముక్కలు పెరిగాయి. మొత్తం మాత్రం అదే. 5 పక్కన సున్నా పెడితే ఆ ఐదు ఒకట్ల స్థానం నుంచి పదుల స్థానానికి జరుగుతుంది. 0.5 పక్కన పెడితే ఐదు ఎటూ జరగదు. తేడా అంతా స్థానంలోనే ఉంది. దీన్నే మనం 'స్థానవిలువ' అని మూడో తరగతిలో చదివాం, మార్కులు తెచ్చుకున్నాం, మరిచిపోయాం.

నేను ఓడిపోయింది షార్ట్‌కట్ల దగ్గర కాదని ఆరోజు అర్థమైంది.

ఇది ఒక్కరి సమస్య కాదు

ప్రథమ్ సంస్థ విడుదల చేసిన 'అసర్ 2023' నివేదిక చూడండి. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 14-18 ఏళ్ల గ్రామీణ యువతను పరీక్షిస్తే, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్కను సరిగ్గా చేసినవారు 43.3 శాతమే. అది మూడు, నాలుగు తరగతుల స్థాయి లెక్క. దాదాపు పాతిక శాతం మంది తమ సొంత భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని కూడా ధారాళంగా చదవలేకపోయారు. వాళ్లలో చాలామంది బడిలోనో కాలేజీలోనో ఉన్నవాళ్లే. అంటే తరగతులు దాటడం వేరు, విషయం పట్టుబడటం వేరు.

మరి ప్రాథమిక తరగతుల్లో అసలు నేర్పేదేమిటి? అది మీ ఉద్యోగ పరీక్షలో ఏ రూపంలో ఎదురవుతుంది?

గణితం: భాగాలు, స్థానాలు

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు గణితమంతా ప్రధానంగా రెండు ఆలోచనల చుట్టూ తిరుగుతుంది. ఒకటి స్థానవిలువ, రెండు సమాన భాగాలు. ఈ రెండూ గట్టిగా ఉంటే శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు వాటంతటవే వస్తాయి.

480లో 35 శాతం ఎంత? చాలామంది 480ని 35తో గుణించి వందతో భాగిస్తారు. భాగాలుగా చూడండి. పాతిక శాతం అంటే పావు, అంటే 120. పది శాతం అంటే పదో వంతు, 48. మొత్తం 168. పెన్ను అక్కర్లేదు. అర, పావు, ముప్పావు మన నోట్లో నానే మాటలే. పెద్దవాళ్లు వాడే 'వీసం' అంటే పదహారో వంతు, అంటే 6.25 శాతం. కూరగాయల బండి దగ్గర తడుముకోకుండా ముప్పావు కిలో ధర కట్టే మనం, పరీక్ష హాల్లో 75 శాతం అనగానే తడబడతాం!

అలాగే 37ను 8తో గుణించాలంటే 40 ఎనిమిదులు 320, అందులోంచి మూడు ఎనిమిదులు 24 తీసేస్తే 296. ఇది షార్ట్‌కట్ కాదు, స్థానవిలువే. ముందు 20 శాతం, తర్వాత 10 శాతం డిస్కౌంట్ అంటే మొత్తం 30 శాతం ఎందుకు కాదు? వంద 80 అయింది. రెండోసారి తగ్గేది ఆ 80లో పదో వంతు, అంటే 8. మిగిలింది 72. తగ్గింది 28 శాతం. 'దేనిలో భాగం?' అని అడగడం పిల్లలకు భిన్నాల పాఠంలో నేర్పే మొదటి విషయం.

బ్యాంకు ప్రిలిమ్స్‌లో గంటలో వంద ప్రశ్నలు. ఒక్కోదానికి సగటున 36 సెకన్లు. ఆ 36 సెకన్లలో ఫార్ములా గుర్తు చేసుకునేవారికీ, సంఖ్యను ముక్కలుగా చూడగలిగేవారికీ మధ్య తేడా కటాఫ్‌లో తేలిపోతుంది.

రీజనింగ్ కూడా అక్కడిదే

రీజనింగ్ అనేది కొత్త సబ్జెక్టు అనుకుంటాం. 'మ్యాథ్ మ్యాజిక్' ఐదో తరగతి పుస్తకంలోని 14 పాఠాలను ఒకసారి తిరగేయండి. సంఖ్యల్లో క్రమాన్ని పట్టుకునే పాఠం ఉంది, అది మీ నంబర్ సిరీస్. బొమ్మను తిప్పితే అలాగే కనిపిస్తుందా అనే పాఠం ఉంది, అది ఫిగర్ రొటేషన్. కాగితాన్ని మడిచి పెట్టె చేసే పాఠం ఉంది, అది క్యూబ్స్ అండ్ డైస్. కమ్మీ రేఖాచిత్రాల పాఠం ఉంది, అది డేటా ఇంటర్‌ప్రెటేషన్.

క్యూబు ప్రశ్నలు కష్టమనిపిస్తే ఒక పని చేయండి. ఆరు గడుల ఆకారాలను గీసి, కత్తిరించి, మడిచి చూడండి. ఘనంగా మడవగలిగే ఆకారాలు మొత్తం 11 ఉన్నాయి. వాటిలో సగం చేతితో చేసి చూసినా, డైస్ ప్రశ్నలో ఎదురుబొదురు ముఖాలు కళ్లముందు కనిపిస్తాయి.

భాష: చదవడమంటే అర్థమవడం

2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన 'నిపుణ్ భారత్' మిషన్ ప్రకారం, మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు తెలియని పాఠాన్ని కూడా నిమిషానికి కనీసం 60 పదాల వేగంతో, అర్థం చేసుకుంటూ చదవాలి. ఇందులో కీలకమైన మాట 60 కాదు, 'అర్థం చేసుకుంటూ'.

చిన్న తరగతుల తెలుగు, ఇంగ్లిష్ పాఠాల చివర ఉండే అభ్యాసాలు గుర్తున్నాయా? 'ఖాళీలను పూరించండి' పెద్దయ్యాక క్లోజ్ టెస్ట్ అయింది. 'వాక్యాలను వరుసలో పెట్టండి' పారా జంబుల్స్ అయింది. 'పాఠం ఆధారంగా తప్పో ఒప్పో చెప్పండి' రీడింగ్ కాంప్రహెన్షన్ అయింది. అక్కడ టీచర్ అడిగింది 'పాఠంలో ఏముంది?' అని. ఇక్కడ మనం తప్పు చేసేది కూడా అదే చోట. పాసేజీలో లేని, మనకు బయట తెలిసిన విషయాన్ని తెచ్చి ఆప్షన్ టిక్ చేస్తాం.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి ఒక మంచి సాధనం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇస్తున్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే పాఠం ఇంగ్లిష్‌లో. రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్లలో పాఠ్యపుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్ పేజీ చదవండి, మీ మాటల్లో తెలుగులో చెప్పండి, ఎదుటి పేజీతో సరిచూసుకోండి. మర్నాడు తెలుగు పేజీ చూసి ఇంగ్లిష్‌లో చెప్పండి. విషయం ముందే తెలుసు కాబట్టి దృష్టంతా వాక్యం మీదే ఉంటుంది. ఇంటర్వ్యూకు కావాల్సింది ఈ అలవాటే.

పరిసరాల విజ్ఞానం: చూడటం, తేల్చడం

మూడు నుంచి ఐదో తరగతి వరకు సైన్స్, సోషల్ విడివిడిగా ఉండవు. రెండూ కలిపి పరిసరాల విజ్ఞానం. ఇక్కడ అసలు పని సమాచారం మోయడం కాదు. చూడటం, గుంపులు చేయడం, కారణం అడగడం.

ఎన్‌సీఈఆర్‌టీ ఐదో తరగతి పాత పుస్తకం 'లుకింగ్ అరౌండ్'లో మన గోల్కొండ కోట మీద ఒక పాఠం ఉంది. కోట మ్యాపు ఇచ్చి, ఫలానా దర్వాజా నుంచి లోపలికొస్తే కటోరా హౌజ్‌కు ఏ దిక్కున నడవాలి అని అడుగుతారు. అంటే చరిత్ర పాఠంలోనే డైరెక్షన్ సెన్స్. ఏది మునుగుతుంది, ఏది తేలుతుంది అని ముందుగా ఊహించి, చేసి చూసి రాయమంటారు. అంటే ఊహ వేరు, ఆధారం వేరు. 'స్టేట్‌మెంట్ - కన్‌క్లూజన్' ప్రశ్నల్లో పరీక్షించేది దీన్నే. నీటి చుక్క విలువ, దోమలు-మలేరియా, ఇంధనం అయిపోతే ఏంటి.. ఈ పాఠాలు చదివితే గ్రూప్ డిస్కషన్‌లో మాట్లాడటానికి నాలుగు గట్టి పాయింట్లు కూడా దొరుకుతాయి.

నెల రోజుల ప్లాన్

రోజుకు గంట చాలు. పుస్తకాలకు పైసా ఖర్చు లేదు. ఐదో తరగతికి ఇప్పుడు 'మ్యాథ్స్ మేళా' పేరుతో కొత్త గణితం పుస్తకం వచ్చింది. పాతది దొరికితే పాతది, లేదంటే కొత్తది, లేదా మీ రాష్ట్ర పుస్తకం.. ఏదైనా పర్వాలేదు.

* మొదటి వారం: నాలుగు, ఐదు తరగతుల గణితంలో సంఖ్యలు, భిన్నాలు, దశాంశాలు. ఫార్ములా రాయకూడదు. ప్రతి జవాబుకూ బొమ్మ గీయాలి.
* రెండో వారం: ఆకారాలు, మ్యాపులు, క్రమాలు, పెట్టెలు. కత్తెర, కాగితం దగ్గర పెట్టుకోండి.
* మూడో వారం: ద్విభాషా పుస్తకంతో రోజుకో పాఠం. గట్టిగా చదవాలి, పుస్తకం మూసి చెప్పాలి.
* నాలుగో వారం: రోజూ ఒక పరిసరాల పాఠం, ఒక మాక్ టెస్ట్. తప్పులను మూడు గడుల్లో వేయండి: విషయం తెలియక, ప్రశ్న సరిగ్గా చదవక, తొందరలో. మొదటి గడిలో పడినవాటికి మళ్లీ చిన్న తరగతి పుస్తకం తెరవండి.

ఆ తర్వాత కోచింగ్‌కు వెళ్లండి, షార్ట్‌కట్లు నేర్చుకోండి. అప్పుడు అవి గుర్తుంటాయి. ఎందుకు పనిచేస్తున్నాయో తెలుసు కాబట్టి.

టీచర్ అవ్వాలనుకుంటే..

ఈ చదువే నేరుగా ఉద్యోగమయ్యే దారి కూడా ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు బోధించేవారి కోసం నిర్వహించే టెట్ పేపర్-1లో 150 ప్రశ్నలు. శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం.. ఒక్కోదానికి 30 మార్కులు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఎస్‌జీటీ పోస్టు లక్ష్యమైతే డీఎల్‌ఈడీ వంటి ప్రాథమిక విద్యా అర్హత ఉండాల్సిందే.

చివరి పరీక్ష

ఒక పాఠం మీకు వచ్చిందో లేదో తేల్చుకోవడానికి ఆన్‌లైన్ టెస్ట్ అక్కర్లేదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పదేళ్ల పిల్లలు ఉంటారు. వాళ్లకు చెప్పి చూడండి. 'రూల్ అంతే' అనకుండా, వాళ్లు వరుసగా మూడుసార్లు 'ఎందుకు?' అని అడిగినా తట్టుకోగలిగితే వచ్చినట్టే. తట్టుకోలేకపోతే ఎక్కడ ఆగారో అక్కడి నుంచే మొదలుపెట్టండి. నేను ఒక స్కేలు, ఒక సున్నాతో మొదలుపెట్టాను. తర్వాతి డ్రైవ్‌లో ఆప్టిట్యూడ్ రౌండ్ దాటాను.