గుండె పేషెంట్‌కి డిప్రెషన్... బ్రెయిన్ స్టిమ్యులేషన్ హెడ్‌సెట్ కొనొచ్చా?

మా నాన్నకి గతేడాది స్టెంట్ వేశారు. రిపోర్ట్స్ అన్నీ నార్మల్, మనిషే నార్మల్ కాలేదు. నిద్ర లేదు, వాకింగ్ మానేశారు, ఛాతీలో కాస్త పట్టేసినా మళ్లీ అటాకేమో అని భయం. ఓ రాత్రి బ్రెయిన్ స్టిమ్యులేషన్ హెడ్‌సెట్ ఒకటి కార్ట్‌లో పెట్టేశా. కొనే ముందు స్పెక్స్ చదివే అలవాటే నన్ను ఆపింది.

హార్ట్ అటాక్ వచ్చినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. అప్పుడు మందులు, వ్యాయామం పక్కనపెట్టేస్తారు. మళ్లీ గుండెకే రిస్క్. అందుకే దీన్ని లైట్ తీసుకోకూడదు.

రెండు టెక్నాలజీలు, తేడా ఏంటి?

టీఎంఎస్: ఆస్పత్రిలో చేసేది. తలకి ఆనించిన కాయిల్‌లో కరెంట్ పల్స్‌లు పంపుతారు. వైర్‌లెస్ ఛార్జింగ్‌లో ఉండే ఇండక్షన్ సూత్రమే, కానీ అయస్కాంత శక్తి ఎంఆర్ఐ స్థాయిలో, 1.5 టెస్లా వరకు ఉంటుంది. నుదుటి వెనక ఉన్న న్యూరాన్లను అది నేరుగా కదిలిస్తుంది. మత్తు అక్కర్లేదు. వారానికి 5 రోజులు, 4 నుంచి 6 వారాలు. మందులతో తగ్గని డిప్రెషన్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2008లో ఓకే చెప్పింది. డిప్రెషన్‌తో పాటు ఉండే ఆందోళనకు 2021లో అనుమతి వచ్చింది.

టీడీసీఎస్: హెడ్‌సెట్లలో ఎక్కువగా ఉండేది ఇదే. 1 నుంచి 2 మిల్లీయాంప్‌ల చిన్న కరెంట్. న్యూరాన్లు స్పందించే తీరుని కొద్దిగా మారుస్తుంది, అంతే. స్టడీల్లో ఫలితాలు ఒకేలా రాలేదు.

గుండె పేషెంట్లకు ప్లస్ ఏంటి?

కొన్ని పాత డిప్రెషన్ మందులు గుండె లయని దెబ్బతీస్తాయి. సిటాలోప్రామ్ ఎక్కువ డోస్ గురించి 2011లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. టీఎంఎస్‌లో రక్తంలోకి మందేమీ వెళ్లదు. తలనొప్పి మామూలు, ఫిట్స్ చాలా అరుదు.

మైనస్ ఎక్కడ?

పేస్‌మేకర్, ఐసీడీ ఉంటే జాగ్రత్త! అవీ ఎలక్ట్రానిక్స్ పరికరాలే. ఫోన్‌నే 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టమని ఆపిల్ చెబుతుంది. అలాంటిది టెస్లా స్థాయి పల్స్‌లంటే? కార్డియాలజిస్ట్ ఓకే లేకుండా వద్దు. స్టెంట్ ఒక్కటే ఉంటే టీఎంఎస్ కుదరదని కాదు, కానీ ఆ మాట కూడా డాక్టరే చెప్పాలి.

మా వెర్డిక్ట్

రివ్యూలు చూసి కొనే గాడ్జెట్ కాదిది. ముందు సైకియాట్రిస్ట్, కార్డియాలజిస్ట్ ఇద్దరితో మాట్లాడండి. కౌన్సెలింగ్, గుండెకి సేఫ్ అయిన మందులే మొదటి మెట్టు. వాటితో తగ్గకపోతే టీఎంఎస్ గురించి అడగండి. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలి మానస్ నంబర్ 14416కి కాల్ చేయండి, ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు.

నేనైతే కార్ట్ ఖాళీ చేసి, నాన్నకి అపాయింట్‌మెంట్ బుక్ చేశా.